గోనెసంచికి నంబరు ప్లేటు

పాత మోటారు సైకిళ్ల మీద ప్రభుత్వానికి ప్రేమ పుట్టింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. గురువారం సాయంత్రం దాకా అవి పొగ కక్కే తుక్కు. శుక్రవారం నుంచి జాతి సంపద.

రాజధానిలో ఓ పెద్ద అధికారి తన ఇంటి హాల్లో అలంకారంగా ఉంటుందని తాతల కాలం నాటి మోటారు సైకిలొకటి కొని తెచ్చుకున్నాడు. చూడవచ్చిన స్నేహితుడు కాఫీ తాగుతూ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, హ్యాండిల్ పట్టుకుని చూసి, "ఈ రబ్బరు పిడి ఒరిజినల్ కాదోయ్" అన్నాడు. ఆ మాట అధికారిగారికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మూడు నెలలు తిరగకుండా 'పురాతన వాహన మౌలికతా సంరక్షణ సంస్థ' ఏర్పడింది. దానికో ఛైర్మన్, జిల్లాకో మౌలికతా నిర్ధారణాధికారి, ఒక్కో అధికారికి ఒక్కో భూతద్దం మంజూరయ్యాయి.

నిబంధన చాలా సులువైనది. యాభై ఏళ్లు దాటిన మోటారు సైకిల్ ఏదైనా రోడ్డెక్కాలంటే, దానిలోని ప్రతి భాగమూ కార్ఖానాలో బిగించినప్పటిదే అయి ఉండాలి. మరొకటి తెచ్చి బిగిస్తే అది వారసత్వ ద్రోహం.

గోదావరి పాయల మధ్య కేదారపాలెంలో ఉండే పెచ్చెట్టి వీరభద్రానికి తాను నలభై ఏళ్లుగా ద్రోహం చేస్తున్నానని తెలియదు. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. రిటైరయింది కాగితాల మీదే. ఏరు దాటి నక్కావారిలంకలో ఏ గేదె మేత మానేసినా, ఏ ఆవుకు కాన్పు కష్టమైనా ఫోను ఆయనకే వస్తుంది. డాక్టరుగారి కారు ఏటిగట్టు దగ్గరే ఆగిపోతుంది. వీరభద్రం బండి మాత్రం పంటు ఎక్కి ఏరు దాటి, అవతలి ఒడ్డున ఇసకలో మూడు మైళ్లు వెళ్తుంది.

ఆ బండి పుట్టింది పంతొమ్మిది వందల అరవై రెండులో. ఓ ధాన్యం వ్యాపారి దగ్గర్నుంచి ఎనభై నాలుగులో వీరభద్రం చేతికొచ్చింది. ఎనభై ఆరు వరదల్లో తొమ్మిది రోజులు నీళ్లలో ఉండి ఇంజను బిగిసిపోయింది. అప్పుడు మొదలైన మరమ్మతు ఇప్పటికీ ఆగలేదు. ఏది పాడైతే అది మెకానిక్ మీరా సాహెబు విప్పి అవతల పడేసి, దొరికింది తెచ్చి బిగించాడు. అలా ఒకటొకటిగా మొత్తం బండి మారిపోయిందన్న సంగతి ఇద్దరూ గమనించలేదు. రెండో కిక్కుకు స్టార్టవుతోంది. గమనించాల్సిన అవసరం రాలేదు.

నోటీసు వచ్చింది. వీరభద్రం అదే బండి మీద ఇరవై రెండు మైళ్లు వెళ్లి సంస్థ కార్యాలయం ముందు దిగాడు.

మౌలికతా నిర్ధారణాధికారి చామర్తి శేషఫణి గారు భూతద్దంతో వరండాలోకి వచ్చారు. బండి చుట్టూ గొంతుక్కూర్చుని తిరిగారు. గోటితో రంగు గీకి వాసన చూశారు.

"ఈ కార్బురేటరు ఎక్కడిది?"

"నీళ్లింజనుదండి. పాతది పెట్రోలు తెగ తాగేత్తుంటే మా మీరా సాహెబు మార్చేశాడండి."

"కిక్ రాడ్డు?"

"మా ఊరి కమ్మరి సాగ్గొట్టిచ్చాడండి. ఇరవయ్యేళ్లయిందండి, పిసరు ఒంగలేదు."

"ఈ సీటు?"

"రిక్షా సీట్లు కుట్టే ఆయన కుట్టాడండి. మెత్తగా ఉంటదండి, కూర్చుని చూడండి."

శేషఫణి గారు కూర్చోలేదు. వరసగా హత్యలు ఒప్పుకుంటున్న మనిషిని చూసినట్టు చూశారు.

"ఎంత కాలముగా తమరు ఈ వాహనమును హింసించుచున్నారు?"

"నడుపుతున్నానండి. నలభయ్యేళ్లండి."

"వందకు తమరికి వచ్చిన మార్కులు సున్నా. ఛాసిస్ కూడా మూలమైనది కాదు."

"లారీ గుద్దితే రెండు ముక్కలైపోయిందండి అది." వీరభద్రానికి వెటకారం రాదు. అర్థం కాని విషయాన్ని అడిగి తెలుసుకోవడం అలవాటు. "ఒకటడుగుతానండి, ఏవనుకోకండి. ఈ ఒరిజినల్ సామానుతో పనేటండి?"

"మౌలికతను కాపాడుటకు."

"మౌలికతెందుకండి?"

"మౌలిక భాగములు కాపాడబడుటకు."

"అంటే అయ్యి రెండూ ఒకదాన్నొకటి కాపాడుకుంటాయన్నమాట. మరి మజ్జిన బండెక్కేవోడు ఎక్కడుంటాడండి?"

శేషఫణి గారు నిబంధనావళి తీసి, విషయ సూచిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికారు. "ఎక్కెడివాని ప్రస్తావన ఇందులో లేదు" అన్నారు. నలభై రోజుల్లోగా మూల భాగాలన్నీ హాజరుపరచాలని రాసిచ్చి, అంతవరకూ బండిని వరండా స్తంభానికి గొలుసు వేసి కట్టించారు.

వీరభద్రం బస్సెక్కి ఇంటికొచ్చాడు.

సంగతి విన్న మీరా సాహెబు చేతిలోని పానా కింద పెట్టాడు. "కంపెనీ సామాను ఎందుకు తీసేశానండీ నేను? పాడైపోతేనే కదండీ! పుచ్చిపోయిన పన్ను పీకించుకున్నోణ్ణి పట్టుకుని, మళ్లీ అదే పెట్టుకుని నవలమన్నట్టుందండి."

"నవలక్కర్లేదంట సాహెబూ. నోట్లో ఉంటే చాలంట."

వెతకడం మొదలుపెట్టారు. పిస్టన్ వీరభద్రం ఇంట్లోనే దొరికింది. ఆయన భార్య వరాలమ్మ దాన్ని నిమ్మకాయ ఊరగాయ జాడీ మూత మీద బరువుకు పెట్టుకుంది. చైను బావి గిలకకు వేలాడుతోంది. ట్యాంకు చిల్లులు పడి కోడి పొదిగే గంప పక్కన పడుంది. సైలెన్సరు కొబ్బరితోటలో బోదె గట్టు కింద తూముగా పనిచేస్తోంది. అది తవ్వి తీస్తే తోటలో సగం మునిగింది. హెడ్‌లైటు రింగు మంగలి షాపులో అద్దానికి చట్రమై ఉంది. రెండు ముక్కలైన ఛాసిస్ గొడ్ల పాక వాసాలకు దన్నుగా నిలబెట్టారు. అవి లాగేసరికి పాక ఓ పక్కకు ఒరిగింది.

"ఊళ్లో పనికొచ్చే వస్తువులన్నీ పీక్కొచ్చి పనికిరాని బండి చేత్తన్నారా?" అంది వరాలమ్మ. "ఇంతకీ నా జాడీ మీద ఏం పెట్టుకోను?"

టైర్ల దగ్గర చిక్కొచ్చింది. మూల టైర్లు కోసి ఎప్పుడో చెప్పులు కుట్టేశారు. ఊరంతా గాలిస్తే పాలేరు అబ్బులు గుడిసె చూరులో ఒక్క చెప్పు దొరికింది, ఎడమ కాలిది.

మొత్తం ఓ పెద్ద గోనెసంచిలో వేశారు. ఛాసిస్ ముక్కలు సంచి మూతిలోంచి పైకి పొడుచుకొచ్చాయి. వంకరపోయిన రిమ్ములు చెరో పక్కనా కట్టారు. వీరభద్రం మనసులో అనుకున్నది ఒకటే. ఈ తుప్పు కళ్లారా చూస్తే ఎంతటి అధికారికైనా అర్థమైపోతుంది, బండి ఇచ్చి పంపేస్తారు.

బస్సు మీద కార్యాలయానికి చేరిన సంచిని శేషఫణి గారు విప్పించారు. పిస్టన్ చేతిలోకి తీసుకున్నారు. దాని మీద నిమ్మకాయ ఊట చారలున్నాయి. భూతద్దంలోంచి కార్ఖానా ముద్ర కనిపించింది. అధికారిగారి కళ్లు చెమర్చాయి.

"పెచ్చెట్టి వీరభద్రం గారూ, ఇన్ని దినములు ఈ నిధిని దాచి, ఆ నకిలీ వస్తువు మీద తిరిగితిరా!"

టైరు చెప్పును 'వెనుక చక్రపు టైరు తాలూకు అవశేషము'గా నమోదు చేశారు. మూడు గంటలు పరీక్షించి లేచి నిలబడి ప్రకటించారు. వందకు వంద. రాష్ట్రంలోనే ఇది మొదటిసారి.

"ఇది నడవదండి" అన్నాడు వీరభద్రం.

"నడచుట పరిశీలనాంశములలో లేదు. పైగా నడిచిన అరుగును. అరిగిన మార్చవలెను. మార్చిన మౌలికత పోవును. కావున నడవని వాహనమే ఉత్తమ వాహనము."

అటెండరు డాలయ్యను పిలిచి బండికున్న నంబరు ప్లేటు విప్పించారు. దాన్ని గోనెసంచికి పురికొసతో కట్టించారు. ధ్రువపత్రం మీద ముద్ర వేసి, వీరభద్రంతో కరచాలనం చేశారు. బండి తాళం, గొలుసు తాళం మాత్రం సొరుగులో పెట్టుకున్నారు.

"మరి ఆ బండండీ?"

"అది ఇప్పుడు నంబరు లేని వాహనము. వారసత్వ వాహనమును పోలియుండుట దాని నేరము. తదుపరి ఉత్తర్వుల వరకు మా అధీనములో ఉండును."

"నేనింటికెలా ఎల్లాలండి?"

"తమ వాహనమును తమకు అప్పగించితిమి కదా!" శేషఫణి గారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

సంచిని రోడ్డు పక్కకు ఈడ్చుకొచ్చి నిలబడ్డాడో లేదో ఫోను మోగింది. నక్కావారిలంక నుంచి కాటాడి మంగాయమ్మ. భర్త పోయాక ఒక్క పాడిగేదెనే నమ్ముకుని బతుకుతున్న మనిషి.

"కాంపౌండరు గారండీ, మా గేదె పొద్దుగాల్నుంచీ నెప్పులు పడతందండి. దూడ అడ్డం తిరిగినట్టుందండి. కాళ్లొక్కటే కనపడతన్నాయి. బండేసుకుని గమ్మునొచ్చెయ్యండి బాబూ!"

"బండి సంచిలో ఉందమ్మా" అన్నాడు వీరభద్రం. ఆమెకు అర్థం కాలేదు. చెప్పే టైం లేదు.

బండి ఉంటే గంటలోపు చేరేవాడు. బస్సు కోసం నిలబడి, బస్సు దిగి ఏటిగట్టు దాకా నడిచి, సంచిని పంటు దగ్గర వదిలేసి, ఏరు దాటి, మధ్యాహ్నం ఎండలో కాలే ఇసకలో మూడు మైళ్లు పడుతూ లేస్తూ వెళ్లేసరికి మూడున్నర గంటలు పట్టింది. అరవై మూడేళ్ల మనిషి. పాక దగ్గరికి వచ్చేసరికి మాట రావడం లేదు.

గేదె కాళ్లు బారజాపి పడుంది. దూడ లోపలే పోయింది. తల్లి అప్పటికి కాసేపటి ముందే పోయింది. ఒళ్లింకా వేడిగానే ఉంది. మంగాయమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వీరభద్రం గేదె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"తవరేం చేత్తారండి" అంది మంగాయమ్మ లేచి, కడవలో నీళ్లు ముంచి తెచ్చి. "ఎంత ఎండనబడొచ్చారో. ముందీ నీళ్లు తాగండి."

ఆయన ఆ నీళ్లు పక్కన పెట్టాడు. నలభై ఏళ్లలో చచ్చిపోయిన పశువుల్ని చాలా చూశాడు. జబ్బు చేసి పోయాయి, పాము కరిచి పోయాయి, వరదకు కొట్టుకుపోయాయి. భూతద్దం వల్ల పోయింది ఇదొక్కటే. అప్పటిదాకా ఆయనకు అధికారి మాటలు అర్థం కాలేదంతే. ఆ పూట మొదటిసారి కోపం వచ్చింది.

వందకు వంద వార్త రాజధానికి చేరింది. సంస్థ ఛైర్మన్ కొమరగిరి నృసింహమూర్తి గారు స్వయంగా బయల్దేరారు. 'మౌలికతా శోభాయాత్ర' జరపాలని నిర్ణయమైంది. వీరభద్రం వాహన సమేతంగా హాజరు కావాలి.

తొంభైకి పైగా మార్కులు వచ్చిన ముప్పై ఒక్క మోటారు సైకిళ్లు ఆ రోజు పట్నానికి వచ్చాయి. ఒక్కటీ నడవదు. కొన్నింటిని ట్రాక్టర్ల మీద ఎక్కించారు. మిగతా వాటిని కూలీలు తోశారు. యజమానులు తోలు కోట్లు వేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వాటి మీద ఠీవిగా కూర్చున్నారు. కొందరు నోటితో బండి చప్పుడు చేశారు. మొదటి ట్రాక్టరు మీద పట్టుగుడ్డ పరిచి, బంతిపూల దండ వేసి గోనెసంచిని ప్రతిష్ఠించారు. పక్కన వీరభద్రాన్ని నిలబెట్టారు.

కార్యాలయం ముందు ఛైర్మన్ గారు ట్రాక్టరెక్కి సంచికి నమస్కరించారు. తర్వాత వీరభద్రాన్ని పరికించారు.

"ఈయన మూల యజమానియేనా?"

"కాదండి. మూల యజమాని ధాన్యం యాపారి. తొంభై ఒకటిలో పోయారండి."

"అనగా ప్రత్యామ్నాయ యజమాని." ఛైర్మన్ గారి ముఖం కొద్దిగా ముడుచుకుంది. "కంటిలో ఏదో మెరియుచున్నది?"

"శుక్లాలు తీసి అద్దం ఏశారండి. రెండు కళ్లకీని."

"పళ్లు?"

"పైవన్నీ కట్టుడుయ్యండి."

శేషఫణి గారు సిగ్గుతో తల దించుకున్నారు. నూరు శాతం మౌలిక వాహనాన్ని డెబ్బై ఎనిమిది శాతం మౌలిక యజమాని చేతిలో ఉంచడం సబబా అన్నది తరవాతి సమావేశంలో చర్చించాలని ఛైర్మన్ గారు చెప్పబోయారు. సగం వాక్యంలో ఆగారు. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. నుదుటి నిండా చెమట పట్టింది. అలాగే సంచి మీదికి ఒరిగిపోయారు.

గగ్గోలు లేచింది. ఆయన్ని దింపి వరండాలో పడుకోబెట్టారు. ఆసుపత్రి మైలు దూరం. ఛైర్మన్ గారి సొంత కారు కూడా నూరు శాతం మౌలికమైనది కావడంతో లారీ మీద వచ్చింది, ఇంకా లారీ మీదే ఉంది. అంబులెన్సుకు ఫోను చేశారు. ముప్పై ఒక్క వాహనాలు సన్నటి వీధిని మూసేయడంతో అది అవతలి చివర కూత పెడుతూ నిలబడిపోయింది. ట్రాక్టర్లు ముందుకూ పోలేవు, వెనక్కూ రాలేవు. తోలు కోట్ల యజమానులు తమ వాహనాల మీద నుంచి దిగకుండా సలహాలిస్తున్నారు.

వీరభద్రం స్తంభానికి కట్టేసి ఉన్న తన బండిని చూశాడు.

"గొలుసు తీయించండి. పక్క సందులోంచి ఐదు నిమిషాల్లో తీసుకెళ్లిపోతాను."

"నకిలీ వాహనమును బయటకు తీయుటకు ఉత్తర్వు కావలెను" అన్నారు శేషఫణి గారు.

"ఎవరివ్వాలండి ఉత్తర్వు?"

"ఛైర్మన్ గారు."

అందరూ కింద పడుకున్న ఛైర్మన్ గారి వైపు చూశారు. ఆయన ఉత్తర్వులిచ్చే స్థితిలో లేరు.

"సార్, లోపల కాగితం మీద సంతకం కావాలంటండి, ఫోనొచ్చింది" అన్నాడు అటెండరు డాలయ్య. శేషఫణి గారు సంతకమన్న మాట వినగానే లోపలికి పరిగెత్తారు. డాలయ్య అప్పటికే సొరుగులోంచి తీసి జేబులో వేసుకున్న తాళాలు వీరభద్రం చేతిలో పెట్టాడు. "ఏ ఫోనూ రాలేదు. పదండి పదండి" అన్నాడు.

రెండో కిక్కుకు బండి లేచింది. ఛైర్మన్ గారిని మధ్యలో కూర్చోబెట్టి, తువ్వాలుతో వీరభద్రం నడుముకు కట్టి, వెనక డాలయ్య పట్టుకుని కూర్చున్నాడు. నీళ్లింజను కార్బురేటరు, కమ్మరి కిక్ రాడ్డు, రిక్షా సీటు కలిసి మౌలికతా సంరక్షణ సంస్థ ఛైర్మన్ గారిని ఆరు నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చాయి.

"ఇంకో పావుగంట ఆలస్యమైతే చేసేదేం లేదు" అన్నాడు డాక్టరు బయటికి వచ్చి.

రెండున్నర గంటల ఆలస్యం ఎలా ఉంటుందో వీరభద్రానికి తెలుసు. డాలయ్య భుజం తట్టి, బండెక్కి, కార్యాలయం వైపు తిరగాల్సిన చోట తిరగకుండా నేరుగా ఏటిగట్టు మీదికి పోనిచ్చాడు. పంటు ఎక్కించి నక్కావారిలంకలో దించాడు. మంగాయమ్మ తన ఖాళీ పాక ఊడ్చి, బండి అక్కడ పెట్టుకోమంది. ఆనాటి నుంచి ఆయన ఇవతల నుంచి నడిచి వెళ్లి పంటు ఎక్కుతాడు. బండి అవతలే ఉంటుంది.

ఛైర్మన్ గారు కోలుకున్నారు. గుండెకు వేసిన రెండు స్టెంట్ల సంగతి సంస్థ రికార్డుల్లోకి ఎక్కలేదు. వీరభద్రానికి ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఛైర్మన్ గారు స్వదస్తూరీతో రాసింది, తన ప్రాణం నిలబెట్టినందుకు కృతజ్ఞతలు చెబుతూ. రెండోది కార్యాలయం నుంచి. నంబరు లేని నకిలీ వాహనాన్ని అధీనం నుంచి తప్పించి, ఒక ఉన్నతాధికారిని దాని మీద ఎక్కించి నడిపినందుకు విచారణ. సాక్ష్యంగా మొదటి ఉత్తరం నకలు జతపరిచారు. 'వాహనముతో సహా హాజరు కావలెను.'

వీరభద్రం గోనెసంచితో సహా హాజరయ్యాడు.

"ఇది కాదు! ఆ వాహనము!" అన్నారు శేషఫణి గారు.

"నా పేరున ఉన్న వాహనం ఇదొక్కటేనండి. నంబరు ప్లేటు తవరే కట్టించారు." ధ్రువపత్రం తీసి బల్ల మీద పెట్టాడు. "దీని మీద ఛైర్మన్ గారిని ఎక్కించానని రాస్తారా, రాసుకోండి. సంతకం పెట్టేత్తాను."

శేషఫణి గారికి ఆ రోజు మొదటిసారి తన నిబంధనావళి మీద తనకే కోపం వచ్చినట్టుంది. నకిలీ వాహనాన్ని పట్టుకుంటే తప్ప కేసు నిలవదు. పట్టుకోలేకపోతే, అది లేదని రాసి ఫైలు మూసెయ్యాలి. జీపు తీసుకుని ఏటిగట్టుకు బయల్దేరారు.

జీపు గట్టు దిగి నాలుగు బారలు వెళ్లి ఇసకలో కూరుకుపోయింది. అధికారిగారు దిగి, బూట్లలోకి ఇసక పోకుండా కాళ్లెత్తి వేస్తూ రేవు దాకా వచ్చారు. పంటు నడిపే ఓలేటి సింహాద్రి గడ మీద ఆనుకుని చూస్తున్నాడు.

"అవతల నడవాలా?"

"మూడు మైళ్లండి. ఇసకండి. ఇప్పుడు ఎండెక్కువండి."

అధికారిగారు అవతలి ఒడ్డును చూశారు, ఎండను చూశారు, బూట్లు చూసుకున్నారు. ఒడ్డునే నిలబడి ఫైలు తెరిచి రాయడం మొదలుపెట్టారు. అంతలో అవతల ఒడ్డు వెంబడి టపటపమంటూ చప్పుడు బయల్దేరింది. ఓ మనిషి మందుల పెట్టె వెనక కట్టుకుని, నీళ్ల అంచు వెంట తడి ఇసక మీద బండి నడుపుకుంటూ వస్తున్నాడు. దగ్గరవుతున్నకొద్దీ చప్పుడు ఏటి మీదుగా ఇవతలి గట్టుకు కొట్టుకుని మళ్లీ వెనక్కి వెళ్తోంది.

శేషఫణి గారు తలెత్తకుండా రాసుకుపోయారు. 'స్థల పరిశీలన యందు సదరు నకిలీ వాహనము ఉనికిలో లేనట్లు నిర్ధారించడమైనది.' కింద సాక్షి సంతకానికి గీత గీసి, కాగితం సింహాద్రి ముందు పెట్టారు.

"ఇచ్చట ఏ మోటారు సైకిలూ లేదని సాక్షి సంతకము చేయుము."

సింహాద్రి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఏటండీ? ఆ బండి చప్పుడుకి ఇనపడతల్లేదండి. కాత్త గట్టిగా సెప్పండి!"